తేలిన కాయ

నాలుగు రోజులు పడవలో తిరిగి
పొద్దున్నే సెయింట్ జార్జెస్ రేవులో దిగాను.
పడవ ఆగింది గానీ
నేనింకా ఆగలేదు.
అడుగు పెట్టినచోటల్లా నేల
తడిసిన గడ్డివాములా కుంగి లేస్తోంది.
కాఫీకొట్టు గుమ్మం పట్టుకుని నిలబడితే
గుమ్మం కూడా ఏదో అల మీదే ఉంది.
పెట్టె అక్కడే పెట్టి పొమ్మన్నాడు కొట్టతను,
ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాడులా ఉంది.

విమానం రాత్రికి.
మధ్యలో ఒక పగలు మిగిలిపోయింది,
జాకెట్టు కుట్టాక మిగిలిన పేలికలా,
పారేయబుద్ధి కాదు, దేనికీ చాలదు.

గువావ్ వెళ్ళే వ్యాను ఎక్కాను.
డ్రైవరు ఆల్ఫియస్. అద్దం కింద వాళ్ళమ్మాయి ఫోటో,
ముందుపళ్ళు రెండూ లేని నవ్వు.
పద్నాలుగు సీట్లలో పంతొమ్మిది మందిమి,
ఒకావిడ ఒళ్ళో సీమపనసకాయ, దాన్ని లెక్కపెట్టలేదు.
దిగాలంటే నోరు విప్పక్కర్లేదు,
పైరేకు మీద వేళ్ళతో తడితే చాలు.
మలుపు తిరిగినప్పుడల్లా సముద్రం
కిటికీ దాకా వచ్చి
బాకీ గుర్తుచేసినట్టు చూసి పోయేది.

గువావ్‌లో జాజికాయల గోదాము. పాత చెక్కమేడ.
మెట్ల సగంలోనే వాసన ఎదురొచ్చింది.
జాజికాయంటే నాకు ఒక్కటే ఎప్పుడూ.
పోపులపెట్టె మూల, మూతబిగిసిన డబ్బీలో.
పసివాళ్ళకి నిద్రపట్టకపోతే
సాన మీద రెండు చుట్లు అరగదీసి
మళ్ళీ దాచేసేవాళ్ళు. మూడు కాన్పులకి అదే కాయ.
ఇక్కడ పారతో ఎత్తుతున్నారు.

వెర్లిన్‌కి అరవై దాటుంటాయి.
తొట్టి నిండా నీళ్ళు. దోసిలితో కాయలు వదిలింది.
“మునిగితే వంటకి. తేలితే నూనెకి.”
ఇంకో దోసిలి.
నేను అడగకుండానే చెప్పింది తుఫాను సంగతి,
చేతులు నీళ్ళలోనే ఉన్నాయి.
ఒక్క రాత్రిలో వాళ్ళ నాన్న నాటిన తోటంతా పడుకుందట.
తెల్లారి చూస్తే కొండ
మొక్కు చెల్లించినట్టు బోడిగా ఉందట.
మళ్ళీ నాటితే ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు.
పూత పూసేదాకా అది ఆడదో మగదో
చెట్టుక్కూడా తెలీదు.
“పదకొండు పెట్టాను. ఏడు మగవే తేలాయి.”
కాసేపాగి, “నీడకి పనికొస్తాయిలే.”

నేనేం అనాలో తెలియక
నా కాళ్ళ సంగతి చెప్పాను. నేల ఊగుతోందని.
తల ఎత్తింది. కాయని చూసినట్టే చూసింది నన్ను.
“ఎన్నాళ్ళు తేలావు?”
“నాలుగు రోజులు.”
“అయితే నూనెకే.”
అవతలి బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు
పగలబడ్డారు, ఒకామె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
నాకూ నవ్వొచ్చింది, ఆలస్యంగా,
తుమ్ము వచ్చినట్టు.

స్టూలు ఒకటి కాలితో నావైపు తోసింది.
గంటసేపు ఏరాను. పురుగు పట్టినవి ఎడమకి,
పగిలినవి బుట్టలోకి.
నేను మంచివనుకున్నవి ఆమె మళ్ళీ ఏరింది,
మాట్లాడకుండా.
దూరంగా ఏదో పెద్ద ఓడ కూత పెట్టింది.
గోదాములో ఎవరూ తల తిప్పలేదు.
నేనొక్కదాన్నే తిప్పాను.

వచ్చేటప్పుడు చేతిలో ఒక కాయ పెట్టింది.
మునిగేదో తేలేదో చెప్పలేదు.

తిరుగు వ్యానులో కునుకు పట్టింది.
గోళ్ళ సందుల్లో గోధుమరంగు పొడి,
పిడికిట్లో కాయ వెచ్చబడింది.
నేల ఎక్కడ ఆగిందో చూసుకోలేదు.
రేవు దగ్గర పక్కనున్న బడిపిల్లాడు
నా బదులు పైరేకు తట్టాడు,
రెండుసార్లు, గట్టిగా.